డేగ అడిగిన ప్రశ్న

శిబి చక్రవర్తి కథ ఎరుగని తెలుగువారు అరుదు. డేగ తరుముకొని రాగా ప్రాణభీతితో తన ఒడిలో వాలిన పావురాన్ని కాపాడటానికి ఆ మహారాజు తన తొడ మాంసాన్ని కోసి త్రాసులో వేసిన వృత్తాంతం మహాభారత అరణ్యపర్వంలో కలదు. ఆ పర్వంలోనే ఒకచోట ఉశీనరుని పేర, మరొకచోట ఆయన కుమారుడైన శిబి పేర ఈ కథ చెప్పబడినది. హరికథలలో, పురాణ కాలక్షేపాలలో దీనిని విని తరతరాల శ్రోతలు కన్నీరు పెట్టుకొన్నారు. అయితే వినేవారి దృష్టి సాధారణంగా పావురం మీదనే నిలుస్తుంది. డేగ పలికిన మాట ఎక్కువమంది మనస్సులో నిలువదు.

నిజానికి ఈ కథలోని ధర్మసూక్ష్మమంతా ఆ మాటలోనే ఇమిడియున్నది. పావురం తనకు సృష్టి నిర్ణయించిన ఆహారమనీ, అది దక్కకపోతే తాను మరణిస్తాననీ, తాను మరణిస్తే తనను నమ్ముకొన్న ఆలుబిడ్డలు కూడా మరణిస్తారనీ, ఒక ప్రాణిని నిలిపి పలు ప్రాణాలను తీయడం ఏపాటి ధర్మమనీ డేగ రాజును నిలదీసినది. శిబి ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. డేగను క్రూరజీవి అని దూషించలేదు. విల్లు ఎక్కుపెట్టలేదు. దాని ఆకలి న్యాయమైనదేనని అంగీకరించినాడు. పావురం ప్రాణం నిలవాలి, డేగ ఆకలి తీరాలి. ఈ రెండింటికీ కలిపి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉన్నదని గ్రహించి, దానిని ఇతరుల మీదకు నెట్టక తన దేహం నుండియే చెల్లించినాడు.

శరణాగత రక్షణ అనే వ్రతానికి ఇంతకంటె కఠినమైన నిర్వచనం లేదు. ఆ వ్రతం నేడు తెలుగునాట సముద్రతీరాన మరల పరీక్షకు నిలిచియున్నది. అక్కడ పావురానికి బదులు వేల యోజనాలు దాటి వచ్చే వలస పక్షులు ఉన్నవి. డేగ స్థానంలో మానవుని ఆకలి, ఆశ రెండూ ఉన్నవి. త్రాసు కూడా సిద్ధంగానే ఉన్నది. ఆ త్రాసు ముందుకు వచ్చి నిలిచే శిబి ఎవరన్నదే విచారించవలసిన విషయం.

సముద్రానికీ నేలకూ నడుమ ఎవరిదీ కాని సీమ ఒకటి కలదు. దినానికి రెండుమార్లు పోటు వచ్చి దానిని ముంచుతుంది, రెండుమార్లు ఆటు వచ్చి దానిని విడిచిపెడుతుంది. కాకినాడ చెంత గోదావరి సాగరసంగమాన ఉన్న కోరంగి మడ అడవులు, కృష్ణానది కడలిలో కలిసే దివిసీమ అంచులు ఇట్టివి. పూర్వులు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్ సరస్సు కూడా ఇట్టిదే. నేటి తిరుపతి జిల్లాలోనూ తమిళనాడులోనూ వ్యాపించిన ఈ సరస్సు చిలికా తరువాత భారతదేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి కయ్య. శ్రీహరికోట దీవి దీనికీ బంగాళాఖాతానికీ నడుమ అడ్డుగోడవలె నిలిచియున్నది. సముద్రజలం ఇరుకైన ముఖద్వారాల గుండా లోనికి వస్తుంది, నదుల మంచినీరు పడమటి నుండి వచ్చి చేరుతుంది. సాలెపురుగు, సర్పం, ఏనుగు అనే మూడు ప్రాణుల భక్తిని స్వీకరించి వాటి పేర్లనే తన పేరుగా ధరించిన శ్రీకాళహస్తీశ్వరుని పాదాల చెంత ప్రవహించే స్వర్ణముఖి కూడా ఈ తీరంలోనే సముద్రాన్ని చేరుకొంటుంది.

చూచేవారికి ఈ సీమ పనికిరాని బురదగా తోస్తుంది. నాగలి సాగదు, ఇల్లు నిలువదు, పంట పండదు. రెవెన్యూ దస్త్రాలలో ఇట్టి నేలకు బంజరనీ, పోరంబోకనీ పేర్లు పెట్టబడినవి. ఒకరి పట్టాలో లేని నేల ఎవరు ఆక్రమించినా తప్పులేని నేల అనే భావం ఆ మాటల వెంటనే లోకంలో పాతుకొనిపోయినది. కాని ఆటు వేళ ఆ బురదను ఒక గుప్పెడు తీసి చూచినవారికి వేరొక సంగతి తెలుస్తుంది. అందులో కంటికి ఆనీ ఆనని నత్తలు, పురుగులు, రొయ్యపిల్లలు, పీతపిల్లలు కదలాడుతూ ఉంటాయి. నదులు తెచ్చిన ఒండ్రు, మడచెట్లు రాల్చిన ఆకు, సముద్రం మోసుకొచ్చిన లవణం కలిసి అక్కడ అన్నంగా మారుతున్నవి. ఆ అన్నం తినే విధానంలో కూడా ఒక క్రమం ఉన్నది. పొట్టి ముక్కు గల పక్షి పైపొరను ఏరుకొంటుంది. పొడవు ముక్కు గల ఉల్లంకి లోతున దాగిన పురుగును లాగుకొంటుంది. రాజహంసలని వ్యవహరించే ఫ్లెమింగోలు తల క్రిందులుగా వంచి, నీటిని ముక్కుతో వడగట్టి సూక్ష్మజీవులను ఆరగిస్తాయి. వాటి రెక్కలకు ఆ గులాబివన్నె వచ్చినది కూడా ఆ ఆహారం వల్లనే. ఒకే విస్తరిలో ఒకరి భాగం మరొకరు అపహరించకుండా అందరూ భుజించే పంక్తి అది.

ఈ పంక్తికి వచ్చే అతిథులు ఏమంత దూరం నుండి వస్తున్నారో తెలిస్తే ఆశ్చర్యం కలుగక మానదు. రాజహంసలు కచ్ఛ్ రణ్ వంటి చోట్ల పిల్లలను పెంచి, శీతకాలంలో దక్షిణాది తీరాలకు తరలివస్తాయి. పట్టెతల బాతులు మంగోలియా, టిబెట్టు ప్రాంతాల నుండి హిమాలయాలను దాటి దక్షిణ భారత జలాశయాలకు చేరుకొంటాయి. అవి ఏడు వేల మీటర్లకు మించిన ఎత్తులో ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు పరికరాల ద్వారా నిర్ధారించినారు. ఉత్తరధ్రువ ప్రాంతపు చలినేలలలో పుట్టిన చిన్న చిన్న ఉల్లంకులు మొదటి శీతకాలంలోనే, దారి చెప్పే పెద్దలు వెంట లేకున్నా, హిందూమహాసముద్ర తీరాలను వెదకుకొంటూ వస్తాయి.

ఈ ప్రయాణం వినోద విహారం వంటిది కాదు. తోకపై చారలుండే గాడ్‌విట్ అనే పక్షి విషయం ఇందుకు ఉదాహరణ. 2022 అక్టోబరులో, పుట్టి కొద్ది నెలలైనా నిండిన ఒక గాడ్‌విట్ అలాస్కాలో బయలుదేరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో దిగినది. పదకొండు దినాలలో సుమారు 13,560 కిలోమీటర్లు, ఎక్కడా వాలకుండా, ఆహారం గాని నీరు గాని ముట్టకుండా ఎగిరినట్లు దాని దేహానికి అమర్చిన పరికరం తెలిపినది. ఇట్టి యాత్రకు ముందు ఈ పక్షులు బురదనేలలలో మేసి, శరీరపు బరువులో దాదాపు సగం కొవ్వుగా నిలువ చేసుకొంటాయి. దారిలో అక్కరలేని బరువు ఉండకూడదని వాటి జీర్ణావయవాలు కూడా కుంచించుకొనిపోతాయి. ఏకాదశి ఉపవాసం చేసే భక్తుడు మరునాటి పారణ నిశ్చయమనే నమ్మకంతో ఉపవసిస్తాడు. ఈ పక్షి కూడా అట్లే, దిగినచోట అన్నం ఉంటుందనే నమ్మకంతో తన కడుపునే మూసుకొని ఎగురుతుంది. ఈ జాతిలోనే మరికొన్ని గుంపులు శీతకాలంలో భారతదేశపు తీరాలకు కూడా వస్తాయి.

ఆ నమ్మకం వమ్మయిన చోట ఏమి జరిగినదో దక్షిణ కొరియాలోని సేమాంగియం చెబుతుంది. అక్కడ 33 కిలోమీటర్ల పొడవైన అడ్డుగోడను కట్టి 2006లో సముద్రపు పోటును ఆపివేసినారు. సుమారు 400 చదరపు కిలోమీటర్ల నీటినేల కడలికి దూరమైనది. సైబీరియాకూ ఆస్ట్రేలియాకూ నడుమ రాకపోకలు సాగించే గ్రేట్ నాట్ అనే పక్షులకు అది ప్రధానమైన మజిలీ. అక్కడ కాకపోతే ప్రక్క తీరంలో వాలుతాయి గదా అని కొందరు సమాధానం చెప్పుకొన్నారు. కాని ప్రక్క తీరాలలో ఆ మేరకు సంఖ్య పెరుగలేదు. ఆస్ట్రేలియాలో శీతకాలపు లెక్కలు మాత్రం తగ్గినవి. ప్రక్క పంక్తిలో ఉన్న విస్తళ్ళు అప్పటికే నిండియున్నవి మరి. 2015 నుండి ఆ పక్షి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతులలో చేర్చబడినది. సత్రం ఒక్కటి మూతబడితే యాత్రికుడు పస్తుతో మరొక సత్రానికి నడిచి చేరుకోవచ్చు. దినాల తరబడి పస్తుతో ఎగిరి వచ్చిన పక్షికి ఆ మరొక సత్రాన్ని చేరే శక్తి మిగిలి ఉండదు.

అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశించినది. ఇంటికి వచ్చిన మనుష్యుని గూర్చి చెప్పిన మాటను పక్షికి అన్వయించడం అతిశయోక్తి అని కొందరు అనవచ్చు. కాని పక్షి జటాయువుకు శ్రీరామచంద్రుడు స్వయంగా అంత్యక్రియలు చేసిన దేశంలో ఆ సందేహానికి తావు లేదు. అంతకంటె బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. అది డేగ వేసిన ప్రశ్నయే. తీరంలో మనుషులు ఉన్నారు, వారికీ ఆకలి ఉన్నది. రొయ్యల చెరువు త్రవ్వుకొన్న రైతుకు ఆలుబిడ్డలు ఉన్నారు, తెచ్చిన అప్పు ఉన్నది. వల భుజాన వేసుకొని సరస్సులో దిగే జాలరికి ఆనాటి పట్టు ఆనాటి అన్నం. ఎక్కడి నుండియో వచ్చిన కొంగల కొరకు వీరిని పస్తు ఉంచడం ధర్మమా?

ఈ ప్రశ్నను అడిగినవారిని నిర్దయులని నిందించడం తగదు. శిబి డేగను నిందించలేదు. అయితే ఆయన చేసినట్లే ప్రశ్నను నిదానంగా విచారించవలసి ఉన్నది.

విచారిస్తే మొదట తేలేది ఇది. పక్షికీ జాలరికీ వైరం ఉన్నదనుకోవడం చాలావరకు భ్రమ. పక్షి మేసే బురదలోనే, మడచెట్ల వేళ్ళ సందులలోనే, సముద్రంలో పట్టుబడే రొయ్యలు, చేపలు అనేకం పసితనం గడుపుతాయి. మడ అడవి నరికితే పక్షి గూడుతో పాటు చేపల ఉయ్యాల కూడా తెగుతుంది. తుఫాను వేళ ఉప్పెన ధాటిని తగ్గించి ఊళ్ళను కాచే కోట కూడా కూలుతుంది. పులికాట్ ముఖద్వారాలు ఇసుకతో పూడుకొనిపోయినప్పుడు రాజహంసకు మేత తగ్గినట్లే జాలరికి వేట తగ్గినది. ఇద్దరూ ఒకే నీటిని నమ్ముకొన్నవారు.

ఒడిశాలోని చిలికా సరస్సు దీనిని ప్రత్యక్షంగా నిరూపించినది. ముఖద్వారం పూడి, ఉప్పదనం తగ్గి, చేపలు సన్నగిల్లి, కలుపుమొక్కలు కమ్ముకొన్న ఆ సరస్సుకు 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త దారి తెరచినారు. పోటునీరు మరల లోనికి వచ్చినది. మత్స్యసంపద అనేక రెట్లు పెరిగినది. ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టిక నుండి 2002లో చిలికా పేరు తొలగించబడినది, ఆ సంవత్సరమే ఆ కృషికి రామ్‌సార్ పురస్కారం కూడా లభించినది. పక్షి కొరకు చేసిన పని జాలరి కుండలో కూర అయినది.

ఆ సరస్సు ఒడ్డుననే మంగళజోడి అనే గ్రామం ఉన్నది. అక్కడివారు ఒకప్పుడు వలస పక్షులను వేటాడి అమ్మి జీవించినవారు. నేడు ఆ వేటగాళ్ళ కుటుంబాలలోని అనేకులు అవే పక్షులకు కాపలాదారులు, వాటిని చూడవచ్చిన యాత్రికులకు పడవ నడిపే మార్గదర్శకులు. క్రౌంచ పక్షుల జంటలో ఒకటి నేలకూలడం చూచిన శోకం నుండి రామాయణం పుట్టినదని పెద్దలు చెబుతారు. మంగళజోడిలో బాణం వేసిన చేతులే కాపు కాస్తున్నవి. వారిలో ఆ మార్పు కేవలం బోధల వలన వచ్చినది కాదు. వేట మానిన చేతికి వేరొక అన్నం దొరికినది. డేగకు తగిన ఆహారం చూపిన పిమ్మటనే పావురం క్షేమంగా ఉన్నది.

ఇంతవరకు సులభమే. అయితే అన్ని చోట్లా లాభాలు ఇట్లు కలిసిరావు. కొన్ని చోట్ల నిజంగానే ఒకరు వదులుకోవలసి ఉంటుంది. ఆటుపోట్ల నేలలో చెరువు త్రవ్వితే వచ్చే ఆదాయం, త్రవ్వకపోతే రాదు. అభయారణ్యంలో వేట నిలిపిన నెలలలో జాలరికి కలిగే నష్టం కల్పితమైనది కాదు. అచ్చటనే శిబి కథలోని రెండవ భాగం ముందుకు వస్తుంది. మాంసం ఎవరి తొడ నుండి కోయాలి?

లోకంలో జరుగుతున్నది తరచుగా ఇట్లున్నది. పక్షిని రక్షించాలన్న సంకల్పం దూరాన ఉన్న నగరంలో కలుగుతుంది, కత్తి మాత్రం తీరంలోని నిరుపేద తొడ మీద ఆనుతుంది. పుణ్యం ఒకరిది, గాయం మరొకరిది. అది శిబి ధర్మం అనిపించుకోదు. దానికి విరుద్ధంగా, గాయం ఎవరికీ వద్దని పక్షిని డేగకు అప్పగించి చేతులు దులుపుకోవడం కూడా శిబి ధర్మం అనిపించుకోదు. రక్షకుడు తానే మూల్యం చెల్లించినప్పుడే రక్షణ అనే మాటకు అర్థం కలుగుతుంది.

అట్లయితే చెల్లించవలసినవారు ఎవరు? తీరపు నేల నుండి ఎక్కువ పొందినవారు ముందు చెల్లించాలి. చెరువులోని రొయ్యను దూరదేశాలకు పంపి లాభం గడించే వర్తకుడు, ఆ వ్యాపారంపై రాబడి పొందే ప్రభుత్వం, దానిని రుచిగా భుజించే సంపన్నుడు, తీరానికి విహారానికై వచ్చి పక్షులను చూచి ఆనందించి వెళ్ళే పట్టణవాసి ఈ కోవకు చెందినవారు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిలిపివేస్తారు. ఆ దినాలకు మత్స్యకార కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తున్నది. కొలత చిన్నదైనా ఇది శిబి మార్గం. చేప కొరకు వలను ఆపమన్న సమాజం, వల ఆపినవాని ఆకలిలో తన వంతు మోస్తున్నది. పక్షుల నేలలకు కూడా ఇట్టి న్యాయమే జరగాలి. ముఖద్వారం పూడిక తీయడానికి అయ్యే వ్యయం, చెరువు త్రవ్వక నిలిపిన చిన్నరైతుకు వేరొక జీవనోపాధి, అభయారణ్యపు అంచున ఉన్న పల్లెలకు బడి, వైద్యం ఇవన్నీ త్రాసులో వేయవలసిన మాంసఖండాలు.

చట్టం తన వంతు కొంత చేసినది. 1976లో పులికాట్, నేలపట్టు ప్రాంతాలు, 1978లో కోరంగి అభయారణ్యాలుగా ప్రకటించబడినవి. ఆ 1976లోనే జరిగిన రాజ్యాంగ సవరణ ద్వారా ప్రకృతిని కాపాడటం, ప్రాణులపై దయ చూపడం ప్రతి పౌరుని ప్రాథమిక విధులలో చేరినవి. సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం తీరమండలిలోని రొయ్యల చెరువులను తొలగించమని తీర్పు చెప్పినది. తరువాత 2005లో తీరప్రాంత జలసాగుకు వేరుగా చట్టం వచ్చినది. ఇట్లు త్రాసు ఒకమారు ఇటు, ఒకమారు అటు మొగ్గుతూ వస్తున్నది. చట్టం హద్దు గీయగలదు గాని హృదయంలో ఇష్టాన్ని పుట్టించలేదు.

ఆలయ వ్యవస్థ ఎరిగినవారికి ఇక్కడ ఒక పోలిక సులభంగా తోస్తుంది. దేవుని మాన్యానికి యజమాని దేవుడే. ఆ స్వామి కోర్టుకు రాడు, వాంగ్మూలం ఇవ్వడు. న్యాయశాస్త్రం ఆయనను ఆస్తిగల వ్యక్తిగా గుర్తించి, మైనరు బాలుని ఆస్తిని కాచినట్లే ఆ ఆస్తిని కాచుతున్నది. ధర్మకర్త ఆ మాన్యాన్ని కాపాడి తరువాతివారికి అప్పగించవలసినవాడే గాని అమ్ముకొని తినడానికి హక్కు గలవాడు కాడు. స్వామి మాట్లాడడు గదా అని మాన్యాన్ని దిగమింగినవానిని లోకం క్షమించదు. ఆటుపోట్ల నేల కూడా అట్టి మాన్యమే. దాని మీద బ్రతికే పక్షులు వాంగ్మూలం ఇవ్వవు. పుట్టబోయే జాలరి బిడ్డలు కూడా ఇవ్వలేరు. పట్టా లేని నేల అంటే ధర్మకర్త అవసరం మరింతగా ఉన్న నేల అని అర్థం.

ఈ ధర్మకర్తృత్వాన్ని ఎవరూ నేర్పకుండానే నెరవేర్చిన పల్లెలు ఉన్నవి. తమిళనాట చెంగల్పట్టు ప్రాంతంలోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువుకు వచ్చే పక్షులను తరతరాలుగా కాపాడినారు. దొరల సిపాయిలు పక్షులను కాల్చినప్పుడు వారు జిల్లా అధికారి వద్దకు పోయి మొరపెట్టుకొన్నారు. పక్షులను కాపాడే వారి హక్కును గుర్తిస్తూ 1798లో పత్రం లభించినది. పక్షుల రెట్టతో బలిసిన చెరువు నీరు తమ పొలాలకు ఎరువు అవుతుందని వారికి తెలుసు. నేలపట్టు చెరువులో గూడబాతులు నేటికీ నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లల మేత కొరకు పులికాట్‌కు ఎగిరి వెళ్ళివస్తున్నవి. సూళ్ళూరుపేటలో 2001 నుండి ఫ్లెమింగోల పేర పండుగ కూడా జరుగుతున్నది. పండుగ సంతోషదాయకమే. అయితే ఉత్సవమూర్తి ఊరేగింపు ఎంత వైభవంగా సాగినా గర్భాలయంలో నిత్యదీపం ఆరిపోకూడదు గదా. పక్షులకు గర్భాలయం ఆ బురదనేలయే.

తప్పు దిద్దుకోవడానికి వేళ మించిపోలేదు. సముద్రాన్ని పూడ్చడంలో ముందున్న చైనా దేశం 2018లో వ్యాపారం కొరకు తీరాన్ని పూడ్చడాన్ని నిలిపివేసినది. 2019లో ఆ దేశపు పీతసముద్ర తీరంలోని పక్షుల నేలలు, 2021లో కొరియాలోని ఆటుపోట్ల బురదనేలలు ప్రపంచ వారసత్వ సంపదలో చేరినవి. సేమాంగియం గోడ కట్టిన దేశమే మిగిలిన బురదను వారసత్వమని కొనియాడినది.

శిబి కథ చివరి ఘట్టం ఇక్కడ స్మరింపదగినది. ఆయన ఎంత మాంసం కోసి వేసినా పావురం బరువే అధికమైనది. కొంత ఇచ్చి తప్పుకొందామనే లెక్క ఆ త్రాసు వద్ద సాగలేదు. చివరకు ఆయన తానే త్రాసు ఎక్కి కూర్చున్నాడు. అప్పుడు డేగ ఇంద్రుడుగా, పావురం అగ్నిగా ప్రత్యక్షమైనారు. అడిగినవాడూ దేవుడే, శరణు కోరినవాడూ దేవుడే. ఆకలిగొన్న జాలరి రూపంలోనూ, అలసి వాలిన పక్షి రూపంలోనూ పరీక్షిస్తున్నది ఒకే దైవమని తెలిసినవాడు ఒకరికొరకు మరొకరిని బలి ఇవ్వడు. తన భాగం నుండి తీసి ఇస్తాడు.

కార్తీకమాసపు తెల్లవారుజామున ప్రళయకావేరి నీటిపై మంచు తొలగేవేళ, దూరదేశాల నుండి వచ్చిన రెక్కలు ఆ బురదపై వాలుతాయి. అవి ఆహ్వానపత్రిక అడుగవు. నిరుడు ఉన్న అన్నం ఈ యేడు కూడా ఉంటుందని నమ్మి వస్తాయి. ఆ నమ్మకాన్ని నిలబెట్టే వివేకాన్ని, అందుకు తగిన మూల్యాన్ని తన చేతితోనే చెల్లించే త్యాగబుద్ధిని సర్వభూత హృదయవాసియైన పరమాత్మ ప్రసాదించుగాక.